మైకుకు నాలుగు వేళ్ల దూరంలో: పశ్చిమ ఫిలడెల్ఫియా రేడియో ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

పశ్చిమ ఫిలడెల్ఫియాలో, బాల్టిమోర్ అవెన్యూ మీద ట్రాలీ వెళ్లే దారిని ఆనుకుని ఉన్న ఒక చిన్న సామాజిక కేంద్రం బేస్‌మెంట్‌లో ఈ సాయంత్రం పని మొదలుపెట్టాం. పన్నెండు వారాల్లో అరగంట నిడివి గల ఒకే ఒక్క రేడియో కార్యక్రమం తయారు కావాలి. దాన్ని రూపొందించేది పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వయసున్న ఎనిమిది మంది క్వీర్, ట్రాన్స్ యువత; అంటే ప్రేమ విషయంలోనో, తాము ఆడా మగా అన్న విషయంలోనో లోకం గీసిన గీతల్లో ఇమడనివారు. వారిలో నలుగురు నల్లజాతివారు, ఇద్దరు ఉత్తర ఫిలడెల్ఫియాలోని ప్యూర్టోరికన్ కుటుంబాలకు చెందినవారు, ఒకరిది దక్షిణ ఫిలడెల్ఫియాలో స్థిరపడిన వియత్నామీ కుటుంబం, మరొకరు ఎక్స్‌టన్ వైపు శివారులో పెరిగిన తెలుగు బిడ్డ. కేంద్రంలో యువజన కార్యక్రమాలు చూసే సమన్వయకర్త ఈ బృందాన్ని కూర్చారు. రికార్డింగ్, ఎడిటింగ్ నేర్పడం నా బాధ్యత. పాతికేళ్ల క్రితం విజయవాడ ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేసిన రెండేళ్లలో నేర్చుకున్నదే నా పెట్టుబడి.

ఈ డైరీలో ఎవరి పేర్లూ ఉండవు. ప్రసారం కోసం వారు పెట్టుకున్న మారుపేర్లను కూడా నేను ఇక్కడ రాయను.

ప్రతి ఒక్కరి చేతిలో ఫోన్ ఉన్న ఈ కాలంలో రేడియో ఎందుకని మొదటి గంటలోనే ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఫోన్‌లో పెట్టిన వీడియో ఎవరి కంటపడాలో ఎక్కడో ఉన్న ఒక కంపెనీ లెక్కలు నిర్ణయిస్తాయి. లో పవర్ ఎఫ్ఎం స్టేషన్ మాట మాత్రం యాంటెన్నా చుట్టూ సుమారు అయిదున్నర కిలోమీటర్ల మేర ఉన్న వంటిళ్లకూ, సెలూన్లకూ, కార్లకూ ఒకేలా చేరుతుందని చెప్పాను. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇలాంటి స్టేషన్ల కోసం జరిగిన పోరాటానికి ఈ పేటతోనే సంబంధం ఉంది. లైసెన్సు లేకుండా నడుపుకుంటున్న తమ స్టేషన్‌ను ప్రభుత్వం మూయించిన తరువాత, 1998లో పశ్చిమ ఫిలడెల్ఫియా కార్యకర్తలు కొందరు ప్రొమీథియస్ రేడియో ప్రాజెక్టును స్థాపించారు. 2000లో ప్రసారాలకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 100 వాట్లకు మించని, లాభాపేక్ష లేని స్టేషన్లకు దారి తెరిచింది కానీ, ఆ ఏడాది చివరలోనే అమెరికా చట్టసభ కాంగ్రెస్ విధించిన ఆంక్షల వల్ల పెద్ద నగరాల్లో వాటికి దాదాపు చోటే లేకపోయింది. 2011 జనవరిలో లోకల్ కమ్యూనిటీ రేడియో చట్టం మీద అధ్యక్షుడు ఒబామా సంతకం చేసి, 2013లో కొత్త దరఖాస్తులు తీసుకున్న తరువాతనే నగరాల్లో ఇవి నిలదొక్కుకున్నాయి. మాకు ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు అరగంట ఇచ్చిన స్టేషన్ అటువంటిదే.

ఈ సంగతి విని ఒకరు తన నోటుబుక్కులో ‘100 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో రాసుకుని, చుట్టూ ఒక బల్బు బొమ్మ గీశారు.

రెండో వారం

గది పనికిరాదని తేలింది. బేస్‌మెంట్ గోడలు సిమెంటువి. చప్పట్లు కొడితే శబ్దం మూడుసార్లు తిరిగి వస్తోంది. పైగా పక్కగదిలోని బాయిలర్ పది నిమిషాలకొకసారి గుర్రుమంటూ లేస్తుంది. సామాన్లు తరలించేవాళ్లు వాడే మందపాటి దుప్పట్లు కొందామనుకున్నాం, కానీ ఖర్చు ఎక్కువైంది. అప్పుడు నాకు ఇంట్లో అటక మీదున్న బొంతలు గుర్తుకొచ్చాయి. మా అమ్మ పాత నేత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టి, నాతో పంపిన నాలుగు బొంతలవి. వాటిని రెండు బట్టల స్టాండ్ల మీద వేసి మూడు వైపులా నిలబెడితే, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత గూడు తయారైంది. లోపల కూర్చుని మాట్లాడితే ప్రతిధ్వని లేదు. గొంతు దగ్గరగా, వెచ్చగా పడుతోంది. బాయిలర్ సంగతి ఏమీ చేయలేకపోయాం. అది లేచినప్పుడు ఆగి, పడుకున్నాక మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం.

షూర్ ఎస్ఎం58 మైకులు రెండు, జూమ్ రికార్డరు ఒకటి, హెడ్‌ఫోన్లు నాలుగు మా దగ్గరున్నాయి. ఖరీదైన కండెన్సర్ మైకు వద్దని నేనే పట్టుబట్టాను. అది గదిలోని ప్రతి చిన్న శబ్దాన్నీ పట్టుకుంటుంది. ఎస్ఎం58 మాత్రం తన ముందున్న గొంతునే ఎక్కువగా వింటుంది, కింద పడినా తట్టుకుంటుంది. నోటికీ మైకుకూ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉండాలని, మైకును నోటికి కాస్త పక్కగా పెడితే ‘ప’, ‘బ’ అక్షరాల దగ్గర గాలి కొట్టదని చూపించాను. స్వరం ఎంత పెరిగినా లెవెల్ మైనస్ పన్నెండు డెసిబెళ్లు దాటకుండా చూసుకోమన్నాను.

పందొమ్మిదేళ్ల నల్లజాతి ట్రాన్స్ యువతి ఒకరు బొంతల గూట్లో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన పేరు మాత్రం చెప్పి ఆగిపోయారు. మళ్లీ చెప్పారు. ఆరేడు సార్లు అదే పేరు. ఏదైనా ఇబ్బందా అని అడిగితే, తాను ఎంచుకున్న పేరు తన గొంతులో ఎలా వినిపిస్తుందో ఇంతవరకూ వినలేదని అన్నారు. ఆ రోజు పాఠం అక్కడితో ఆపి, మిగిలిన గంట అందరినీ ఒక్కొక్కరుగా ఆ గూట్లోకి పంపాను.

మూడో వారం

ఈ వారమంతా ఒక్క కాగితం మీదే పనిచేశాం. అది సమ్మతి పత్రం. కేంద్రం వాడే పాత నమూనాలో, ‘నా గొంతును ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ విధంగానైనా వాడుకోవచ్చు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. ఇంట్లో ఇంకా చెప్పుకోని పిల్లల చేత ఆ వాక్యం కింద సంతకం పెట్టించడం అన్యాయమని నేను గట్టిగా అన్నాను. సమన్వయకర్త కూడా ఒప్పుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని మేము తీసుకోకపోవడానికి కారణం కూడా సమ్మతి పత్రమే. వారికి తల్లిదండ్రుల సంతకం కావాలి. క్వీర్ యువత కార్యక్రమం అని రాసిన కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి సంతకం పెట్టించుకోవడమంటే తన సంగతి తానే బయటపెట్టుకోవడమే. పదహారేళ్లవారు ఇద్దరు అడిగారు. వారిని కాదనవలసి రావడం ఈ ప్రాజెక్టులో నాకు మిగిలిన పెద్ద వెలితి.

కొత్త పత్రంలో సంతకాలు మూడు. రికార్డింగుకు ముందు ఒకటి, ఎడిటింగ్ అయిన తరువాత విని ఒకటి, ప్రసారానికి ముందు మరొకటి. మూడో సంతకం పడేదాకా ఎవరు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తమ భాగాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ప్రసారమైపోయిన మాటను గాలిలోంచి వెనక్కి తేలేము కాబట్టి ఆ సంగతిని పత్రంలో పెద్ద అక్షరాలతో రాశాం. స్టేషన్ ప్రసారం ఇంటర్నెట్‌లో కూడా వస్తుందని, కాబట్టి అయిదున్నర కిలోమీటర్ల హద్దు కాగితం మీద మాత్రమేనని కూడా రాశాం. ఎక్స్‌టన్‌లో ఉన్న అమ్మ వినగలదు, తెనాలిలో ఉన్న అమ్మమ్మ కూడా వినగలదు.

వచ్చిన ప్రతి గంటకూ పదిహేను డాలర్లు, బస్సు ఛార్జీలు ఇస్తున్నాం. అనుభవం వస్తుందనే పేరుతో ఈ పిల్లల చేత ఊరికే పని చేయించుకునేవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

నాలుగో వారం

నగరంలోని ఎల్జీబీటీ సామాజిక కేంద్రమైన విలియం వే కేంద్రంలోని ఆర్కైవ్‌కు అందరం కలిసి వెళ్లాం. నగరంలో తమలాంటివారి చేతుల్లో మీడియా ఇదివరకు ఎప్పుడు ఉండేదో చూపించాలన్నది నా ఉద్దేశం. అక్కడ మేము ఎక్కువసేపు నిలబడిపోయింది కియోషి కురోమియా కాగితాల దగ్గర. జపాన్ మూలాలున్న అమెరికన్లను ప్రభుత్వం ముళ్లకంచెల వెనక బంధించిన రోజుల్లో, 1943లో, వ్యోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో పుట్టిన మనిషి ఆయన. పౌరహక్కుల ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచారు. 1965 జూలై 4న ఇండిపెండెన్స్ హాల్ ముందు, స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం ఈ నగరంలో జరిగిన తొలి ప్రదర్శనలలో ఒకదానిలో నిలబడ్డారు. 1989లో తనకు ఎయిడ్స్ ఉందని తెలిశాక ఆయన చేసిన పనే మా పిల్లలను కదిలించింది. వైద్యుల దగ్గర, పరిశోధన పత్రికల్లో చిక్కుకుపోయిన సమాచారాన్ని రోగులు చదువుకునే భాషలోకి తెచ్చి క్రిటికల్ పాత్ పేరుతో ఒక వార్తాపత్రం నడిపారు; జైళ్లలో ఉన్నవారికి కూడా పంపారు; రాత్రింబవళ్లు పలికే ఒక ఫోన్ లైను పెట్టారు; ఇంటర్నెట్ చాలామందికి తెలియని రోజుల్లోనే కంప్యూటర్ ద్వారా సమాచారం అందించారు.

1996లో ఇంటర్నెట్‌లో ‘అసభ్యమైన’ విషయాలు మైనర్లకు అందితే నేరమంటూ కాంగ్రెస్ చట్టం చేసినప్పుడు, దాన్ని సవాలు చేసినవారిలో కురోమియా కూడా ఒకరు. హెచ్‌ఐవీ రాకుండా ఎలా జాగ్రత్తపడాలో టీనేజి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే మాట నేరుగా ఉండాలి. ఆ నేరు మాటనే చట్టం అసభ్యమనవచ్చు. ఆ కేసు ఈ నగరంలోని ఫెడరల్ కోర్టులోనే మొదట నడిచింది, 1997 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. వియత్నామీ కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు ఇదంతా విని, ఆసియా మూలాలున్న ఒక క్వీర్ మనిషి పేరును ఈ నగర చరిత్రలో తాను వినడం ఇదే మొదటిసారని చెప్పాడు. అతడు పుట్టి పెరిగింది ఈ నగరంలోనే.

తిరిగి వచ్చేటప్పుడు నల్లజాతి యువకుడొకరు జోసెఫ్ బీమ్ గురించి మళ్లీ మళ్లీ అడిగాడు. జియోవానీస్ రూమ్ అనే పుస్తకాల షాపులో పనిచేస్తూ, గే సాహిత్యమంతా తెల్లవారి జీవితాలతోనే నిండి ఉండడం చూసి విసిగి, నల్లజాతి గే పురుషుల రచనలను తానే సేకరించి 1986లో సంకలనంగా తెచ్చిన ఫిలడెల్ఫియా మనిషి బీమ్. దొరకని పుస్తకాన్ని తానే తయారు చేసుకున్నాడన్న మాట ఆ యువకుడికి బాగా పట్టింది. తన భాగానికి విషయం దొరికిందని అక్కడే చెప్పాడు.

అయిదో వారం

పదమూడో వీధి, లోకస్ట్ వీధి కలిసే చోట, గేబర్‌హుడ్ (గేల పేట) అని అందరూ పిలిచే ప్రాంతంలో శబ్దాలు రికార్డు చేశాం. గాలి ఎక్కువగా ఉండి సగం రికార్డింగులు పాడయ్యాయి. మైకుకు స్పాంజి తొడుగు చాలదని, బయటి పనికి బొచ్చు తొడుగు కావాలని తెలిసింది.

ఈ వీధుల బార్లలోనూ, సంస్థల్లోనూ జాతి వివక్ష ఉందన్న ఫిర్యాదులు పెరిగి, 2016లో నగర మానవ సంబంధాల కమిషన్ బహిరంగ విచారణ జరిపింది. మరుసటి ఏడాది జూన్‌లో నగరపాలక సంస్థ క్వీర్ సమాజానికి గుర్తయిన ఆరు రంగుల జెండాకు నలుపు, గోధుమ చారలు కలిపి ఎనిమిది చారల జెండాను సిటీ హాల్ దగ్గర ఎగురవేసింది. ఆ రెండు చారల మీద దేశమంతా వాదన జరిగింది. మా బృందంలో కూడా జరిగింది. ప్యూర్టోరికన్ యువతి ఒకరు, చార కలపడం కాదు, కార్యక్రమాల్లో మైకు ఎవరి చేతికిస్తున్నారో చూడాలని అన్నారు. ఆ మాటను రికార్డు చేయలేదని ఇంటికి వచ్చాక బాధపడ్డాను.

నగరపు ఎల్జీబీటీ వ్యవహారాల కార్యాలయానికి 2008లో తొలి డైరెక్టరైన గ్లోరియా కసారెజ్ లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ, ఇక్కడే పుట్టి పెరిగారు. 2014లో ఆమె చనిపోయాక పన్నెండో వీధిలో ఒక భవనం గోడ మీద ఆమె చిత్రం వేశారు. 2020 డిసెంబరులో దాని మీద రంగు పూసి కప్పేశారు. ఆ చోట నిలబడి ఇద్దరు ప్యూర్టోరికన్ అమ్మాయిలు ఒక నిమిషం స్పానిష్‌లో మాట్లాడారు. గాలి మధ్యలో కూడా ఆ నిమిషం చక్కగా పడింది.

ఆరో వారం

తప్పు నాది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసి పంపమని అందరికీ నేనే చెప్పాను. వచ్చిన ఫైళ్లను అందరూ చూసే ఫోల్డర్‌లో పెట్టిన తరువాత గమనించాను: ఒక ఫైలు పేరులోనే వీధి పేరు ఉంది. ఆ ఫోన్ రికార్డింగు చేసిన చోటును బట్టి తానే ఫైలుకు పేరు పెట్టింది. ఆ ఫైలు పంపిన యువకుడు ఇంట్లోంచి వెళ్లగొడితే స్నేహితుల దగ్గర తలదాచుకుంటున్నవాడు. తాను ఎక్కడ ఉంటున్నాడో తన అన్నకు తెలియకూడదు. ఫోల్డర్ చూసేది మేము పదిమందిమే, ప్రమాదం ఏమీ జరగలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు అతడికి ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పి క్షమించమన్నాను. అతడు సెట్టింగుల్లోకి వెళ్లి లొకేషన్ ఆపడం ఎలాగో నాకే చూపించాడు.

ఇప్పటినుంచి ఫైళ్లకు తేదీ, అంకె మాత్రమే పేరుగా ఉంటాయి. ఏ అంకె ఎవరిదో రాసిన జాబితా ఒక్క కాగితం మీద, తాళం వేసిన అరలో ఉంటుంది.

ఏడో వారం

గొంతు మార్చడం గురించి. ఇద్దరు తమ గొంతు గుర్తుపట్టకుండా ఉండాలన్నారు. గొంతు శ్రుతిని కిందికి దించితే చాలని వారు అనుకున్నారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. రీపర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గొంతును నాలుగు మెట్లు కిందికి దించి, ఆ ఫైలును మరొకరికి ఇచ్చి పైకి లేపి చూడమన్నాం. ఒక్క నిమిషంలో అసలు గొంతు దాదాపుగా తిరిగి వచ్చేసింది. పైగా మాటలో ఆగే చోట్లు, నవ్వు, ‘స’ పలికే తీరు ఏవీ మారవు. తోబుట్టువులకు అవి చాలు.

అందుకని వారి మాటలను వేరొకరు చదవాలని నిర్ణయించాం. ఇందులో ఒక కష్టం ఉంది, ఒక అందమూ ఉంది. ఎవరి మాటను ఎవరు చదవాలో రాసినవారే ఎంచుకున్నారు, చదివేవారికి పక్కన కూర్చుని నేర్పారు. ‘ఇక్కడ కోపంగా వద్దు, అప్పటికి నాకు కోపం రాలేదు, అలసటే వచ్చింది’ అని ఒకరు చెప్పిన తీరు, పెద్ద పెద్ద నాటక ప్రయోక్తలు చెప్పే తీరుకు తీసిపోదు.

ఎనిమిదో వారం

తెలుగు బిడ్డ గురించి ఇంతవరకు రాయలేదు, ఎందుకంటే తను ఏడు వారాలూ అందరి పనీ చేశారు కానీ తన భాగం ఏమిటో చెప్పలేదు. తనకు ఇరవై ఏళ్లు. తను తనను అబ్బాయిగా గానీ అమ్మాయిగా గానీ అనుకోరు. ఇంగ్లీషులో బహువచన సర్వనామం వాడమంటారు. నేను తెలుగులో ‘మీరు’ అని, ‘వచ్చారు, చెప్పారు’ అని మాట్లాడడం మొదలుపెట్టాను. మన గౌరవ వాచకంలో ఆడా మగా తేడా లేదు కదా. రెండు వారాలు చూసి, “ఆంటీ, మీరు నన్ను మీరు అంటుంటే నాకు అరవై ఏళ్లు వచ్చినట్టుంది” అన్నారు. మాటల్లో ‘నువ్వు’కు వచ్చాను. రాతలో మాత్రం ఈ రూపమే ఉంచుతున్నాను.

ఇప్పుడు చెప్పారు: తెనాలిలో ఉన్న అమ్మమ్మతో తెలుగులో మాట్లాడి, ఆ మాటలు కార్యక్రమంలో పెట్టాలట. అమ్మానాన్నలకు ఇంకా తెలియదు. ముందు అమ్మమ్మకే చెప్పాలని తన కోరిక. కానీ చెప్పడానికి మాట కావాలి. ఇద్దరం తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. పత్రికలు ఏళ్ల తరబడి వాడిన ‘స్వలింగ సంపర్కం’ అనే మాటను తను మొదటే కొట్టేశారు. ఒక మనిషి మొత్తాన్ని పడకగదిలోకి కుదించే మాట అది. అమ్మమ్మ ముందు నోరు తిరగదు. ‘స్వలింగ ప్రేమ’ మెరుగే కానీ తన విషయం అది కాదు. ‘నాన్-బైనరీ’ అంటే అమ్మమ్మకు అర్థం కాదు. మన పక్క హిజ్రా సమాజానికి ఉన్న పేర్లు వారివి. వారి జీవితం వేరు, వారి కష్టం వేరు, ఆ పేరును ఎక్స్‌టన్‌లో పెరిగిన తను అరువు తెచ్చుకోకూడదని తనే అన్నారు. ఆ మాటకు నాకు చాలా గౌరవం కలిగింది.

గంటన్నర తరువాత కాగితం మీద పనికొచ్చే మాట ఒక్కటీ మిగలలేదు. అమ్మమ్మ నిన్ను ఏమని పిలుస్తుందని ఊరికే అడిగాను.

“నాన్నా అంటుంది. ఎప్పుడూ అంతే.”

తెలుగిళ్లలో ఆడపిల్లనైనా, మగపిల్లవాడినైనా ముద్దుగా ‘నాన్నా’ అంటారు. ‘కన్నా’ అంటారు, ‘బంగారం’ అంటారు. ఇంగ్లీషులో తను వెతుక్కుంటున్న మాటను పుట్టినప్పటినుంచీ అమ్మమ్మ తనకు ఇస్తూనే ఉంది. తను కలం కింద పెట్టేశారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, అవతల బాయిలర్ లేచింది.

తొమ్మిదో వారం

పెన్సిల్వేనియాలో ఫోన్ సంభాషణను రికార్డు చేయాలంటే మాట్లాడే ప్రతి ఒక్కరి అనుమతీ ఉండాలి. నది దాటి న్యూజెర్సీకి వెళితే ఒకరి అనుమతి చాలు. మాకు చట్టం ఎలా ఉన్నా పద్ధతి ఒక్కటే. అమ్మమ్మకు ఇది రేడియో కోసమని, ఎలాంటి కార్యక్రమమో కూడా ముందే చెప్పాలి. అంటే సమ్మతి అడగడానికే సంగతి చెప్పక తప్పదు. అందుకని మొదటి ఫోన్‌కు రికార్డరు ఆన్ చేయలేదు. తను బొంతల గూట్లో కూర్చుని మాట్లాడారు. రమ్మంటే నేను బయట స్టూలు మీద కూర్చున్నాను.

తను ఆ రాత్రే రాసి నాకు ఇచ్చిన అమ్మమ్మ జవాబును తన అనుమతితో ఇక్కడ పెడుతున్నాను: “నువ్వు చెప్పింది నాకు సగమే అర్థమయింది నాన్నా. మిగతా సగం ఈసారి వచ్చినప్పుడు చెబుదువుగాని. మీ అమ్మకు చెప్పకుండా మాత్రం రేడియోలో పెట్టబాకు. బయటివాళ్ల నోట వింటే అది తట్టుకోలేదు.”

పదో వారం

ప్రసారానికి ముందే ఎంపిక చేసుకున్న కొద్దిమందికి గదిలో వినిపించాం. ఈ ఆలోచన జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరు నుంచి తీసుకున్నాను. అక్కడ దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియోకు 2008 అక్టోబరులో గానీ గాలిలోకి వెళ్లే అవకాశం రాలేదు. అంతకు ముందు చాలా ఏళ్లు వారు తమ కార్యక్రమాలు రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో టేపు రికార్డరు మీద వినిపించుకునేవారు. లైసెన్సు లేని రోజుల్లో అది వారికి తప్పనిసరి అయింది. మాకు మాత్రం అది కావాలని ఎంచుకోదగ్గ పద్ధతిగా కనిపించింది. ఎవరిని పిలవాలో ఎనిమిది మందీ నిర్ణయించుకున్నారు. పందొమ్మిది మంది వచ్చారు. పేరు ఆరేడు సార్లు పలికిన యువతి తన నాయనమ్మను తీసుకొచ్చారు. ఆమె కార్యక్రమం అయ్యేదాకా కోటు విప్పలేదు. చివర్లో లేచి, ఏడో నిమిషం దగ్గర సంగీతం వల్ల మాట వినిపించడం లేదని చెప్పారు. ఆమె చెప్పింది నిజం. సంగీతాన్ని ఆరు డెసిబెళ్లు తగ్గించాను.

మరుసటి రోజు తెలుగు బిడ్డ తన భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. అమ్మమ్మతో జరిగిన సంభాషణ గురించి తను మాట్లాడి రికార్డు చేసిన నాలుగు నిమిషాలు ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చినవి. ఒకసారి ఆలోచించుకోమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. కారణం చెప్పనక్కర్లేదని మూడో వారంలో పత్రం రాసింది నేనే. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసి తన చేతికిచ్చి, మా దగ్గరున్న రెండు కాపీలను తన ముందే తీసేశాం.

పదకొండో వారం

ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు కావాలి, ఇరవై నాలుగున్నర ఉన్నాయి. మూడు నిమిషాలకు గ్లోరియా కసారెజ్ గోడ దగ్గరి స్పానిష్ మాటలు, ఆ తరువాత ఆ అమ్మాయిల సంభాషణ కుదిరాయి.

ఉదయం ఆరు నుంచి రాత్రి పదిదాకా రేడియోలో అసభ్యమనదగ్గ మాట వెళ్లకూడదు. బస్సులో తనను ఒకడు తిట్టిన తిట్టును ఒక యువకుడు ఉన్నదున్నట్లు చెప్పాడు. దాని మీద బీప్ వేస్తే తనదే తప్పన్నట్టుగా ఉందన్నాడు. చివరకు ఆ మాటను తీసేసి, దానికి ముందు తాను పీల్చిన ఊపిరిని అక్కడ ఉంచాడు. కురోమియా కేసు గెలిచింది ఇంటర్నెట్‌కేనని, రేడియోకు పాత నియమమే ఉందని గుర్తుచేసుకున్నాం.

ఇంకా ఒక నిమిషం మిగిలింది. ఈ కార్యక్రమంలో ఉండవలసి, ఉండలేకపోయినవారి కోసం ఒక నిమిషం మౌనం పెడదామని ఒకరు అన్నారు. స్టేషన్‌లో నిశ్శబ్దాన్ని పసిగట్టే పరికరం ఉంటుంది. శబ్దం కొన్ని సెకన్లపాటు ఒక స్థాయి కంటే తగ్గితే ప్రసారం తెగిపోయిందనుకుని అదే వేరే పాటలు ఎత్తుకుంటుంది. అందుకని మౌనానికి బదులు శబ్దం వెతికాం. కేంద్రం మెట్ల మీద కూర్చుని బాల్టిమోర్ అవెన్యూ మీద ట్రాలీ వచ్చి, ఆగి, తలుపులు తెరిచి, వెళ్లిపోవడాన్ని నలభై సెకన్లు రికార్డు చేశాం. పదకొండుసార్లు తీస్తే తొమ్మిదోది బాగా వచ్చింది.

మిగిలిన ఇరవై సెకన్ల సంగతి తెలుగు బిడ్డే తేల్చారు. ఇంట్లో పెద్దవాళ్లు తమను పిలిచే ముద్దుమాటను ఒక్కొక్కరూ చెప్పాలని, ఎవరిది ఎవరిదో తెలియకుండా అందరి మాటలనూ అందరూ చెప్పాలని అన్నారు. బేబీ, స్పానిష్‌లో నెనే, వియత్నామీలో కాన్, తెలుగులో నాన్నా. తను తప్ప మిగిలిన ఏడుగురూ ‘నాన్నా’ పలకడం నేర్చుకోవడానికి సాయంత్రమంతా పట్టింది. ‘న్నా’ను ఎంత దూరం లాగాలో తను చేత్తో చూపించారు. నల్లజాతి యువతి గొంతులో అది మా అమ్మ పిలిచినట్టే వచ్చింది; దాన్నే ఉంచాం. అందులో తెలుగు బిడ్డ గొంతు ఎక్కడా లేదు.

పన్నెండో వారం

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు స్టేషన్ తన పేరు, ఊరు చెప్పింది. తరువాత మా కార్యక్రమం మొదలైంది. ఏడుగురు కేంద్రంలోనే పాత రేడియో ఒకటి బల్ల మీద పెట్టుకుని విన్నారు. ఒకరు రాలేదు, తను పనిచేసే దుకాణంలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నానని తరువాత మెసేజి పంపారు. పదిహేనో నిమిషంలో సిగ్నల్ కాస్త గరగరలాడితే ఒకరు లేచి యాంటెన్నాను చేత్తో పట్టుకుని మిగిలినంతసేపూ అలాగే నిలబడ్డారు.

ట్రాలీ వచ్చి ఆగే చోటికి రేడియో చేరుకున్నప్పుడు, బయట నిజంగానే ట్రాలీ ఒకటి వెళ్లింది. రెండు శబ్దాలూ కలిసిపోయాయి. ఆ తరువాత ఆ నాలుగు మాటలూ వచ్చాయి.

కార్యక్రమం అయ్యాక బొంతలు మడత పెడుతుంటే తెలుగు బిడ్డ వచ్చి ఒక కొస పట్టుకున్నారు. మే నెలాఖరులో అమ్మమ్మ ఎక్స్‌టన్ వస్తోందట, టిక్కెట్టు కొన్నారట. అమ్మకు చెప్పేటప్పుడు అమ్మమ్మ పక్కన ఉంటానందట. పెన్‌డ్రైవ్ జాగ్రత్తగా ఉందని చెప్పి, ఆ జూమ్ రికార్డరును ఎన్నాళ్లకు అద్దెకిస్తారని అడిగారు. అద్దె లేదని, కావలసినన్నాళ్లు ఉంచుకోమని చెప్పి, రిజిస్టరులో తన అంకె రాసుకుని, రెండు జతల బ్యాటరీలతో కలిపి ఇచ్చాను. ఒక బొంత కూడా తీసుకెళ్లారు.